బెల్లు కొట్టకుండా వినండి: మన రిఫరల్ గ్రూపు కమిటీకి బహిరంగ లేఖ

ప్రెసిడెంటు గారికి, కమిటీ వారికి, ప్రతి బుధవారం పొద్దున్నే నా పక్కన కూర్చుని ఇడ్లీ తినే సభ్యులందరికీ నమస్కారం.

మీటింగులో నాకు దొరికేది ఒక్క నిమిషం. నా పేరు, ప్రెస్సు పేరు, ఈ వారం ఎవరి పరిచయం కావాలో చెప్పేసరికి బెల్లు మోగుతుంది. ఆ బెల్లుకి జడిసి ఏడాదిగా మింగేసిన మాటలు చాలా ఉన్నాయి. వచ్చే నెలతో నా సభ్యత్వం అయిపోతుంది. రెన్యువల్ ఫారం పంపించారు, అందింది. దాన్ని నింపే ముందు ఇది రాస్తున్నాను. ఇదంతా కమిటీకి విడిగా చెప్పుకోవచ్చు కదా అంటారేమో. రెండుసార్లు విడిగానే చెప్పాను. "పాజిటివ్‌గా ఉందాం మేడం" అని టీ ఇచ్చి పంపారు. పైగా ఇలా ఒకరికొకరు వ్యాపారం చూపించుకునే గ్రూపులో చేరమంటావా వద్దంటావా అని నన్ను అడిగేవాళ్ళు ఊళ్ళో తరచూ ఎదురవుతున్నారు. వాళ్ళకి కూడా ఇదే నా జవాబు అనుకోండి.

నా సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గుంటూరు అరండల్‌పేటలో మాకు ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మా మామగారు కాలితో తొక్కే ట్రెడిల్ మెషీన్‌తో మొదలుపెట్టారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కంపోజ్ చేసిన రోజులవి. ఇప్పుడు ఒక ఆఫ్‌సెట్ మెషీన్, ఒక స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, ఒక కంప్యూటర్, ముగ్గురు పనివాళ్ళు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, మిర్చి యార్డు దిగుమతి కొట్లకి తక్‌పట్టీలు (రైతుకి ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు), స్కూళ్ళకి ప్రోగ్రెస్ కార్డులు. ఇవీ మా పనులు.

మామగారు జన్మలో ఒక్క ప్రకటన ఇచ్చిన మనిషి కాదు. ముహూర్తం పెట్టిన పంతులుగారే పెళ్ళివారిని మా దగ్గరికి పంపేవారు. "అక్కడ కొట్టించండి, తిథి వారాలు తప్పు పోవు" అని. ఒకసారి ఒక శుభలేఖలో "తెల్లవారితే గురువారం" అని పడాల్సిన చోట "తెల్లవారితే శుక్రవారం" అని పడింది. ప్రూఫులో ఎవరి కంటికీ ఆనలేదు. పెళ్ళివారు మూలలకి పసుపు రాస్తుంటే వాళ్ళ బామ్మగారు చూసిందట. మామగారు రాత్రికి రాత్రి 500 కార్డులు మళ్ళీ కొట్టించారు. పైసా అడగలేదు. కార్డులు మెషీన్ మీద ఉండగానే ఆయన సైకిలేసుకుని వెళ్ళింది పెళ్ళివారింటికి కాదు, పంతులుగారింటికి. "మీ మాట పోగొట్టాను, తెల్లారేసరికి సరిచేస్తాను" అని చెప్పొచ్చారు. ఆ పంతులుగారు ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్ళు మాకు మనుషుల్ని పంపారు.

రిఫరల్ అనే మాట నేను వినకముందు చూసిన రిఫరల్ అది. అందుకే మీ గ్రూపు సంగతి వినగానే నాకు కొత్తగా అనిపించలేదు.

చేరింది అవసరం కొద్దీ. వెయ్యి కార్డులు కొట్టించే ఇళ్ళు ఇప్పుడు నూటయాభైతో సరిపెడుతున్నాయి. మిగతాదంతా వాట్సాప్ వీడియో. దేవుడి దగ్గర పెట్టడానికి, పెద్దవాళ్ళకి ఇవ్వడానికి ఉంటే చాలంటున్నారు. కొట్లన్నీ కంప్యూటర్ బిల్లింగుకి మారాక బిల్లు బుక్కులు తగ్గాయి. ఆషాఢం, మూఢం వస్తే బల్ల మీద దుమ్ము తుడుచుకోవడమే పని. కొత్త పార్టీలు కావాలి. మా లెక్కలు చూసే ఆడిటర్ గారు ఒక బుధవారం విజిటర్‌గా తీసుకొచ్చారు.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు బాగా నచ్చింది. పొద్దున ఆరూ ముప్పావుకి యాభై మంది ఇస్త్రీ చొక్కాలతో సిద్ధంగా ఉన్నారు. ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యుడు. నేను చేరితే ఇంకో ప్రెస్సు వాడికి కుర్చీ లేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి నిమిషంలో తమ వ్యాపారం చెప్పడం, పక్కవాడికి పని చూపిస్తే రిఫరల్ స్లిప్పు ఇవ్వడం, ఆ పని పూర్తయితే దాని విలువ ఎంతో చెప్పి థాంక్స్ చెప్పడం. ఇంటికెళ్ళి మా అత్తగారికి చెబితే ఆవిడ ఇదేదో చీటీల కంపెనీ అనుకుంది. "ఎన్నో పాటలో ఎత్తుకుంటావే?" అని అడిగింది. నవ్వాను గానీ, ఏడాది తిరిగేసరికి ఆ ప్రశ్నే నా ముందు కూర్చుంది.

లెక్క చెబుతాను. ప్రెస్సు నడిపేదాన్ని, కాగితం మీద పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

సభ్యత్వం 35,000, జీఎస్టీ 6,300. వారం వారం హాలుకీ టిఫినుకీ 600 చొప్పున 48 వారాలకి 28,800. మొత్తం 70,100. పెట్రోలు, విజిటింగ్ కార్డులు, పుట్టినరోజు కేకుల చందాలు వదిలేశాను. నాకు వచ్చిన స్లిప్పులు 61. వాటిలో 23 మన సభ్యుల సొంత పనులే. వాళ్ళు కొట్టించుకున్న లెటర్‌హెడ్లు, కార్డులు, పాంప్లెట్లు. 19 మంది, నేను ఫోన్ చేస్తే "నా నంబరు మీకెవరిచ్చారండీ?" అన్నవాళ్ళు. 11 మంది రేటు అడిగి ఊరుకున్నారు. ఎనిమిది పనులు నిజంగా బయటినుంచి వచ్చాయి.

సభ్యుల పనులకి బిల్లు 1,90,000. "మన గ్రూపే కదమ్మా" అని అందరూ తగ్గించమన్నవాళ్ళే కాబట్టి అందులో నాకు మిగిలింది నూటికి పది, అంటే 19,000. బయటి ఎనిమిది పనులకి 3,40,000 బిల్లయింది. అందులో నూటికి పాతిక చొప్పున 85,000 మిగిలింది. రెండూ కలిపి 1,04,000. ఖర్చు పోగా 33,900 లాభం. నష్టమేం లేదు కదా అంటారు. ఉండండి.

ఆ ఎనిమిదిలో నాలుగు పనులు ఒక్క మనిషి ఇచ్చినవి. వాటి బిల్లే 2,90,000. ఆయన స్లిప్పులు తీసేసి లెక్క వేస్తే ఈ ఏడాది నేను 38,600 నష్టపోయినట్టు. ఆ మనిషి మన షామియానా సప్లయర్ గారు. పేరు రాయక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆర్నెల్ల రిపోర్టులో ఆయన్ని స్క్రీన్ మీద ఎర్రరంగులో చూపించాం. రిఫరల్స్ తక్కువ, విజిటర్స్ సున్నా, రెండు గైర్హాజర్లు. ఆయన ఏమీ అనలేదు. ప్లేటు తీసుకెళ్ళి సింకు దగ్గర పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. తర్వాత రెన్యువల్ చేసుకోలేదు. ఆ రోజు నేనూ నోరు తెరవలేదు, నాది పచ్చరంగు మరి.

ఆయన ఇచ్చిన నాలుగు స్లిప్పుల్లో ఒకటి ఎలా వచ్చిందో వినండి. ఒక స్కూలు వార్షికోత్సవానికి టెంటు వేస్తున్నారట. కరస్పాండెంటు గారు ఎవరితోనో ఫోన్లో ప్రోగ్రెస్ కార్డులు ఇంకా రాలేదని కేకలేస్తుంటే విన్నారు. గుంజలు పాతిస్తున్న మనిషి, చేతులు దులుపుకుని వెళ్ళి, "అయ్యా, నాకు తెలిసిన ప్రెస్సు ఉంది, ఆలస్యం చేస్తే నన్ను అడగండి" అన్నారు. అక్కడినుంచే నాకు ఫోన్ చేసి, ఆ ఫోన్ కరస్పాండెంటు గారికే ఇచ్చారు. మర్నాడు స్కూటర్ మీద వచ్చి, నేను శాంపిళ్ళు సర్దుకునేదాకా ఆగి, నాతోపాటు స్కూలుకి వచ్చారు. ఆయన వాకిట్లో నిలబడ్డారు, నేను లోపలికెళ్ళి మాట్లాడాను. కార్డులు, డైరీలు, ఫీజు రసీదు బుక్కులు అన్నీ కలిపి 2,10,000 ఆర్డరు. డెలివరీ రోజు పొద్దున్నే ఫోన్. "ఇచ్చేస్తున్నావా అమ్మా? నా మాట ఉంది అక్కడ."

సరిగ్గా మా పంతులుగారి బాపతు. ఆయన స్లిప్పు మీద నా పేరు రాసే ముందు తన పేరు పెట్టారు. అలాంటి స్లిప్పులు మనిషి ఏడాదికి నాలుగే ఇవ్వగలడు. వారానికి రెండు ఇమ్మంటే ఎవరి వల్లా కాదు. వారానికి రెండు ఇచ్చేవి వేరే రకం.

ఆ వేరే రకం ఎలా పుడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. నెలలో ఆఖరి బుధవారం ఆరున్నరకి హోటల్ మెట్ల దగ్గర చూడండి. కారు బానెట్ల మీద స్లిప్పు పుస్తకాలు, చెవిలో పెన్నులు. "అక్కా, మీ పేరు మీద ఒకటి రాసేస్తున్నా, మా తోడల్లుడు ఇల్లు కడుతున్నాడు, ఎప్పటికైనా గృహప్రవేశం కార్డులు కావాలిగా" అంటాడొకరు. పునాది కూడా తీయని ఇంటికి గృహప్రవేశం కార్డులు! ఇంకొకరు ఫోన్‌లో కాంటాక్టులు కిందికి లాగుతూ వేలు ఎక్కడ ఆగితే ఆ పేరు రాస్తారు. పచ్చరంగు పోతుందనే టెన్షన్ తప్ప, అవతలివాడికి పని కావాలా అన్న ఆలోచన ఆ నిమిషంలో ఎవరికీ రాదు.

ఎవరినో అనడం దేనికి, నేనూ చేశాను. మార్చి నెలలో నాకు రెండు స్లిప్పులు తక్కువైతే మా ఆడపడుచు కొడుకు నంబరు రాసి మన రియల్ ఎస్టేట్ సభ్యుడికి ఇచ్చాను. పిల్లాడికి ఉద్యోగం వచ్చి ఆరు నెలలు కాలేదు. ఆయన పాపం నా మాట నమ్మి నాలుగుసార్లు ఫోన్ చేశాడు, శంకరవిలాస్ సెంటర్‌లో కలిసి బ్రోచర్లు ఇచ్చాడు. పిల్లాడు ఇంటికొచ్చి "అత్తా, నాకు ఫ్లాటు కొనిపెడుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సభ్యుడి రెండు గంటలు, పెట్రోలు మాత్రం నా ఖాతాలోవే.

మన గ్రూపు ఊళ్ళోవాళ్ళం సొంతంగా పెట్టుకున్నదే అయినా నడక బయటినుంచి తెచ్చుకున్నది. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఐవాన్ మైస్నర్ అనే ఆయన బీఎన్‌ఐ అనే రిఫరల్ సంస్థ మొదలుపెట్టిన కథతో మన ట్రైనింగ్ మొదలవుతుంది. ఇచ్చినవాడికే దక్కుతుంది అన్నది ఆ పద్ధతికి మూలసూత్రం. బాగుంది. అయితే అంతకు 80 ఏళ్ళ ముందు, 1905లో, షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు రోటరీ క్లబ్బు పెట్టినప్పుడు కూడా సంగతి ఇంచుమించు ఇదే. ఒక్కో వృత్తికి ఒక్కరు, ఒకరి వ్యాపారం ఒకరికి. తొలి రోజుల్లో ఎవరు ఎవరికి ఎంత వ్యాపారం ఇచ్చారో రాసి పెట్టడానికి ఆ క్లబ్బులో ఒక మనిషి కూడా ఉండేవాడట. కొన్నేళ్ళకి ఆ లెక్కలు మానేసి వాళ్ళు సేవ వైపు వెళ్ళారు. మనమూ కళ్ళజోళ్ళు పంచుదామని నేను అనడం లేదు. నేను వచ్చింది వ్యాపారానికే, సిగ్గుపడను. మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాన్ని పుస్తకంలో ఎక్కించడం ఎంత చిరాకు పనో వందేళ్ళ కిందటే ఒకళ్ళు చూశారని మాత్రం చెబుతున్నాను.

ఇక ఆ రెండు కోట్ల మాట. పోయిన మూడు నెలల్లో మన గ్రూపు 2 కోట్ల 10 లక్షల వ్యాపారం చేసిందని బ్యానర్ కట్టాం. ఆ బ్యానర్ డిజైన్ చేసింది నేనే, అందుకే చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను. అందులో 1 కోటి 85 లక్షలు రెండు ఫ్లాట్లు, ఒక ప్లాటు. ఫ్లాటు మొత్తం ధర మన లెక్కలో పడింది. అమ్మిపెట్టిన సభ్యుడి చేతికి వచ్చింది అందులో ఏ మూలకి? మిగిలిన పాతిక లక్షలు యాభై మందికి పంచితే మూడు నెలలకి తలా యాభై వేల బిల్లు. లాభం కాదు, బిల్లు. బ్యానర్ల మీద ఇలాంటి అంకెలు చూసే విజిటర్లు వస్తారు.

అలా వచ్చినవాళ్ళలో ఒకావిడని నేనే తీసుకొచ్చాను. కొరిటెపాడులో ఇంట్లోనే అరిసెలు, సున్నుండలు, కారప్పూస చేసి అమ్ముతుంది. చెయ్యి మంచిది. ఆమె చేసిన సున్నుండ చిదిమితే నెయ్యి వేలికి అంటుకుంటుంది. గాజులు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టిందని నాకు తర్వాత తెలిసింది. మొదటి నెలలో లేచి నిలబడి మాట్లాడటానికే వణికిపోయేది. నాలుగో నెలకి ధీమాగా మాట్లాడింది. అది ఈ గ్రూపు పుణ్యమే, కాదనను. సంక్రాంతికి నలుగురు సభ్యులు తలా రెండు కిలోల అరిసెలు కొన్నారు. అంతే. ఆమె గిరాకీ అపార్ట్‌మెంట్లలో ఉంది, ఆదివారం సెల్లార్లో బల్ల వేసుకునే చోట ఉంది. స్టీలు వ్యాపారి, ఇన్సూరెన్స్ ఏజెంటు ఆమెకి ఎవర్ని చూపిస్తారు? ఎనిమిదో నెలలో మానేసింది. ఫీజు తిరిగి ఇవ్వరని ఫారంలో ఉంది, ఆమె సంతకం కూడా ఉంది. ఆ లెక్క ముందే విప్పి చెప్పాల్సినదాన్ని నేను. చెప్పలేదు. విజిటర్‌ని తెచ్చినందుకు ఆ వారం నాకు చప్పట్లు కొట్టారు.

టైము గురించి ఒక్క మాట. యాభై మందిలో ఆడవాళ్ళం ఆరుగురం. ఆరూ ముప్పావుకి హాల్లో ఉండాలంటే నాలుగున్నరకి లేచి, బాక్సులు కట్టి, మా అత్తగారికి కాఫీ ఇచ్చి రావాలి. ఆలస్యమైతే తలుపు మూస్తారు. ఒక్కసారి కూడా మగ సభ్యుడు "బాక్సు కట్టి వచ్చేసరికి లేటయింది" అనగా వినలేదు. నెలకో మీటింగు మధ్యాహ్నం పెట్టి చూడండి.

ఈ గ్రూపు నాకేమీ ఇవ్వలేదని అనను. నా పని నిమిషంలో చెప్పడం వచ్చింది. "అన్ని ప్రింటింగ్ పనులూ చేస్తాం" అంటే ఎవరికీ ఎవరూ గుర్తురారనీ, "జూన్‌కి డైరీలు కావాల్సిన స్కూలు ఏదైనా తెలుసా?" అంటే ఎవరో ఒకరికి తడుతుందనీ ఇక్కడే నేర్చుకున్నాను. మన ఆడిటర్ గారు నా పాత జీఎస్టీ చిక్కు ఒకటి విప్పారు. మెషీన్ ఆగిపోయిన రాత్రి మన ఎలక్ట్రీషియన్ సభ్యుడు పదకొండింటికి వచ్చి నిలబడ్డాడు. ఇవేవీ ఏ స్లిప్పులోనూ లేవు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. స్లిప్పు మీద ఒక గడి పెంచండి: "అవతలి వ్యక్తితో మాట్లాడాను, ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారు" అని. ఆ గడిలో టిక్కు లేని స్లిప్పు తీసుకోవద్దు. కావాలంటే స్లిప్పు పుస్తకాలు నేనే కొట్టిస్తాను, కాగితం ఖర్చు ఇస్తే చాలు. స్క్రీన్ మీద రంగుల పట్టిక ఆపేయండి. ఎవరు ఎన్ని ఇచ్చారో ఇచ్చినవాళ్ళు రాసే బదులు, ఎవరి మాట వల్ల తమకి పని దొరికిందో అందుకున్నవాళ్ళు చెప్పాలి. బ్యానర్ మీద ఫ్లాటు ధర వేయొద్దు, కమీషన్ వేయండి. చేరడానికి వచ్చినవాళ్ళకి చెక్కు తీసుకునే ముందు ఏడాది ఖర్చు మొత్తం ఒక కాగితం మీద రాసి, వారం రోజులు ఇంట్లో ఉంచుకోమనండి. వాళ్ళ గిరాకీ మన మధ్య దొరికేదేనా అని ఒక సభ్యుడు విడిగా కూర్చుని మాట్లాడాలి. కుర్చీ ఖాళీగా ఉందని ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

షామియానా ఆయన కుర్చీలో ఇంకొకరిని తీసుకోవడానికి రెండు అప్లికేషన్లు వచ్చాయని విన్నాను. వాటిని కొన్నాళ్ళు పక్కన పెట్టి, కమిటీ వారు ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళి రండి. నేనూ వస్తాను.

ఆషాఢం కాబట్టి నాకు తీరిక ఉంది, ఇంత రాయగలిగాను. రెన్యువల్ ఫారం నింపాను. చెక్కు కూడా రాశాను, తేదీ మాత్రం వేయలేదు. వచ్చే బుధవారం ఆరూ ముప్పావుకి వస్తాను. ఆ రోజు నా నిమిషంలో నాకు ఎవరి పరిచయమూ అడగను. షామియానా ఆయన ఫోన్ నంబరు రెండుసార్లు చదువుతాను. శ్రావణంలో పెళ్ళిళ్ళున్నవాళ్ళు రాసుకోండి.

ఇట్లు,
అరండల్‌పేట ప్రెస్సు ఆవిడ